వేపపువ్వు ఎందుకో చెప్పగలమా?

(మన గుడి ఉగాది కార్యక్రమంలో ఒక వాలంటీరు చేసిన ప్రసంగ పాఠం)

పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. పంచాంగ శ్రవణానికీ భోజనాలకీ మధ్య నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. పులిహోర చల్లారకముందే ముగిస్తాను.

మూడేళ్ల క్రితం, నాతో పనిచేసే ఒక యూదు స్నేహితుడు పాసోవర్ పండుగకి మా కుటుంబాన్ని ఇంటికి పిలిచాడు. తమ పూర్వీకులను దేవుడు ఈజిప్టు బానిసత్వం నుంచి విడిపించాడని చెప్పుకునే పండుగ అది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్న బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు కూడా ఈ పండుగ చేసుకుంటారు. ఆ సంగతి నాకు తెలిసింది ఈ మధ్యనే.

ఆ రాత్రి భోజనాన్ని సేదర్ అంటారు. బల్ల మీద ఉన్న ప్రతి పదార్థానికీ ఒక అర్థం ఉంది. ఘాటైన దుంప తురుము బానిసత్వపు చేదుకి గుర్తు. ఉప్పునీళ్లు కన్నీళ్లకి. ఆపిల్, వాల్‌నట్స్ కలిపిన తీపి ముద్ద, ఆ బానిసలు ఇటుకల మధ్య పెట్టిన అడుసుకి. పిండి పొంగేదాకా ఆగే వ్యవధి కూడా లేక బయల్దేరారు కాబట్టి పులియని రొట్టె. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల, ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని నాలుగు ప్రశ్నలు అడిగింది. పెద్దవాళ్లు జవాబుగా కథంతా చదివారు. ఆ తర్వాతే భోజనం.

అప్పుడు నా స్నేహితుడు అడిగాడు: "మీరూ కొత్త సంవత్సరం రోజు చేదు తింటారట కదా, ఎందుకు?"

"ఆరు రుచులు, కష్టసుఖాలు... అన్ని పండుగలూ ఒకటే కదా" అని దాటేశాను.

"ఒకటి కాదేమో. మాది ఒక రాత్రి జరిగిన సంగతి. మీది ఏమిటో వినాలని ఉంది" అన్నాడు.

ముప్ఫై ఏళ్లుగా తింటున్న పచ్చడి. అయినా నా దగ్గర జవాబు లేదు. పక్కనే మా అబ్బాయి నా మొహం చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మని అడిగాను. అమ్మ చాలా తేలిగ్గా చెప్పింది. "చైత్ర శుద్ధ పాడ్యమి నాడు బ్రహ్మ సృష్టి మొదలుపెట్టాడంటారు. ఆ రోజు తలంటు పోసుకుని, పచ్చడి దేవుడికి నివేదించి, ఆ తర్వాత మనం తింటాం. ఏడాదిలో వచ్చే తీపీ చేదూ రెండూ ఆయన ప్రసాదమే అనుకుని తీసుకోవాలి. అంతేరా."

మరుసటి ఉగాదికి ఆ స్నేహితుణ్ణి కుటుంబంతో సహా పిలిచాను. ఈసారి మా అబ్బాయే అర్థమంతా చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు. కానీ పచ్చడి తినలేదు. విగ్రహానికి నివేదించినది తినకూడదన్నది వాళ్ల నియమం. "న్యూ ఇయర్ చట్నీ" అని చెప్పి ఇచ్చుంటే తినేవాడేమో. నిజం చెప్పాను కాబట్టే వద్దన్నాడు. ప్రసాదం వద్దన్నందుకు అమ్మ చిన్నబుచ్చుకుంది. "మా మాంసం వాళ్లు పెడితే నువ్వు తింటావా అమ్మమ్మా?" అని మా అబ్బాయి అడిగాడు.

పోయిన ఏడాది ఉగాదికి అమ్మే, నైవేద్యానికి ముందు ఒక చిన్న గిన్నెలో పచ్చడి విడిగా తీసి పెట్టింది. ఆ గిన్నె ఎందుకు వేరుగా ఉందో కూడా తనే వాళ్లకి చెప్పింది. అందరం తిన్నాం. వేపపువ్వుకి వాళ్ల పాప మొహం ముడుచుకుంది, మా వాడి మొహం లాగే.

మనం దీపావళిని "ఇండియన్ క్రిస్మస్" అంటుంటాం. ఎదుటివాళ్లకి తేలిగ్గా అర్థమవుతుందని. యూదుల హనుక్కాకీ ఇక్కడ అదే జరిగింది. వాళ్ల లెక్కలో పాసోవర్ కన్నా, యోమ్ కిప్పూర్ కన్నా చిన్న పండుగ అది. క్రిస్మస్ రోజుల్లో వస్తుంది కాబట్టి అమెరికాలో అదే పెద్దదైపోయింది. అలా పోల్చి చెబితే మన పండుగలో దేవుడు ఎక్కడున్నాడో ఎదుటివాళ్లకి తెలియదు. వింటున్న మన పిల్లలకీ తెలియదు.

అందుకే మూడు మాటలు మనవి చేసుకుంటాను. పండుగకి స్నేహితులని పిలిస్తే, అర్థం పిల్లల చేత చెప్పించండి. పెట్టేది నైవేద్యం అయితే ఆ సంగతి ముందే చెప్పండి, వద్దంటే నొచ్చుకోకండి. వాళ్ల పండుగ గురించి కూడా అడగండి.

ఈ ఏడాది మన ఉగాది, వాళ్ల నిసాన్ నెల మొదటి రోజు రెండూ మార్చి 19నే వచ్చాయి. పౌర్ణమి వేళకి, అంటే ఏప్రిల్ 1 సాయంత్రం, పాసోవర్ మొదలవుతుంది. మీకు తెలిసిన యూదు కుటుంబం ఉంటే ఆ రోజు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పండి.

ఇక కింద పచ్చడి సిద్ధంగా ఉంది. పిల్లలు చేదెందుకని అడిగితే, దయచేసి "ముందు తిను" అనకండి. చెప్పాకే పెట్టండి.