హెడరు పత్రములలోని షరతులు



కంప్యూటరుచే పని చేయించుటకై వ్రాయు భాషలలో సి యనునది యొకటి. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో 1972 ప్రాంతమున డెన్నిస్ రిచ్చీ దానిని రూపొందించెను. అందు పెక్కు పత్రములకు ఉమ్మడిగా వలయు ప్రకటనలను "హెడరు" అను వేరు పత్రమున వ్రాసికొందురు.

కౌలు దస్తావేజు నొకదానిని తలచుకొనుడు. "భూమి మాగాణియైనచో ఈ షరతులు, మెట్టయైనచో ఆ షరతులు" అని రెంటికిని ఒకే కాగితము వ్రాయించినట్లే, పలు యంత్రములకు ఒకే హెడరు చాలునట్లు, "ఇఫ్‌డెఫ్" అను మాటతో షరతు మొదలిడి "ఎండిఫ్" అను మాటతో ముగింతురు. ఏండ్లు గడచినకొలది షరతులో షరతు చేరి, చదువువానికి దారి తోపదు.

వీనిని విచారించుటకు ప్రీప్రాసెసరు ఉన్నది కదా యందురు. ఉన్నది; కాని యది వండి వడ్డించునదే గాని ధాన్యము చెరుగునది కాదు. వ్యాఖ్యలను తీసివేయును, సంకేతనామములకు బదులు వాని విలువలను నింపును, ఇతర పత్రములను దెచ్చి కలుపును. అట్టి వ్రాతను మనుష్యుడు మరల దిద్దుట దుర్ఘటము.

చెరుగు చేట వేరుగా గలదు. దాని పేరు అనిఫ్‌డెఫ్. మొదట డేవ్ యోస్ట్ వ్రాసెను. 2002 మొదలుకొని టోనీ ఫించ్ దానిని తిరుగవ్రాసెను. ఫలాని పేరు కలదు, ఫలాని పేరు లేదు అని మనము చెప్పిన మేరకే యది షరతులను తొలగించును. చెప్పని పేరు గల షరతును ముట్టదు. "లేదు" అనుటకును, ఏమియు అనకుండుటకును గల భేదమును ప్రీప్రాసెసరు ఎరుగదు. చెప్పని దెల్ల లేనిదే యనుకొనును. నా యెన్నికలో అనిఫ్‌డెఫ్ గొప్ప యంతయు నిచ్చటనే యున్నది. భూమి మెట్టయో మాగాణియో చెప్పకమునుపే వ్రాయసకాడు ఒక షరతును కొట్టివేసినచో ఎన్ని తగవులు పుట్టునో తమకు దెలియనిది కాదు.

లినక్స్ అను వ్యవస్థలో కెర్నెల్ అనునది మూలభాగము. దాని హెడరులలో కొంత లోపలి వాడుకకు, కొంత బయటి ప్రోగ్రాములకు. లోపలిది బయటికి పోయినచో పరులు దానిపై ఆధారపడుదురు. ఆపై లోపల ఏమి మార్చినను వారి పని చెడును. కావున 2006లో వెలువడిన 2.6.18 కూర్పునుండి, బయటి కిచ్చు హెడరులను అనిఫ్‌డెఫ్‌చే చెరిగించిరి. 2012లో రెండు భాగములను వేర్వేరు సంచయములలో నుంచిన పిదపను దానిని విడువలేదు.

పని ముగిసిన తోడనే యది యొక అంకెను దెలుపును: వ్రాత మారనిచో 0, మారినచో 1, చిక్కు కలిగినచో 2. ఒకటి వచ్చినంత మాత్రమున తప్పు జరిగినదని క్రొత్తవారు బెదరుదురు. బెదరక, మూలప్రతిని చెంత నుంచుకొని, రెంటిని పంక్తికి పంక్తి సరిపోల్చి చూచుకొనవలెను.