బంతిని అందుకొను పిల్లల శిక్షణము



సాఫ్ట్‌బాల్ అను ఆట 1887వ సంవత్సరమున అమెరికాదేశమందలి చికాగో నగరమున పుట్టినది. నేడు మన దేశమందలి పాఠశాలల పోటీలలో అదియు చేరియున్నది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో మీ మనుమడో మనుమరాలో ఒకనాడు ఈ ఆట నేర్చుకొందునని మిమ్ము అడుగవచ్చును. అప్పుడు మీకు అక్కరకు వచ్చు నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు ఆడుదురు. బంతి విసరువానిని పిచ్చర్ అనియు, బ్యాటు పట్టినవాని వెనుక గొంతుకూర్చుండి దానిని అందుకొనువానిని క్యాచర్ అనియు అందురు. మైదానమంతయు కన్నులయెదుట నుండునది క్యాచర్‌కే గావున, తనవారిని కేకవేసి హెచ్చరించు భారమును అతనిదే.

పేరున మెత్తదనమున్నను బంతి మెత్తనిది కాదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు. బరువు ఇంచుమించు 180 మొదలు 200 గ్రాములు. స్త్రీల పోటీలలో దానిని 43 అడుగుల దూరమునుండి విసరుదురు. బ్యాటు అంచు తగిలినచో అది ఎటు మరలునో ఎవ్వరును చెప్పజాలరు. కావున ముఖమునకు కమ్ముల ముసుగు, తలకు గట్టి టోపి, గొంతునకును రొమ్మునకును కాళ్ళకును కాపులు ఉండితీరవలెను. ఇవి లేక కూర్చుండబెట్టినచో పిల్లలకు అబ్బునది భయమే. ముక్కుపై దెబ్బతిన్న పిల్లవాడు పిదప బంతి వచ్చునప్పుడెల్ల కన్నులు మూసికొనును. ఆ అలవాటు మాన్పుట మిక్కిలి కష్టము.

ఇక శిక్షణక్రమము. మొదట బ్యాటు లేకుండ, మెత్తని బంతితో, దగ్గరనుండి మెల్లగా విసరి వట్టిచేతులతో పట్టించవలెను. కళ్ళములో ధాన్యపు బస్తా అందుకొనువాడు చేతులు బిగబట్టడు. బరువుతోపాటు కొంచెము వంగును. బంతిని అందుకొను చేయియు అట్లే లొంగవలెను. రెండవ చేతిని, వ్రేళ్ళకు దెబ్బ తగులకుండ, వీపువెనుకనో మడమచెంతనో దాచుకొనవలెను.

నేలకు తగిలి ఎగురు బంతిని పట్టుకొన యత్నింపక అడ్డుకొనుట నేర్పవలెను. మోకాళ్ళు నేల కానించి, వాని నడుమ చేతితొడుగు నుంచి, గడ్డము రొమ్మున కదిమి, భుజములు ముందుకు వంచవలెను. చేనిగట్టు నీటిని ఆపినట్లు ఆ దేహము బంతిని ఆపును. బంతి యెదుటనే పడినచో పని నెరవేరినట్లే.

చివరగా విసరుట. క్యాచర్ చోటికిని రెండవ బేసునకును నడుమ సుమారు 85 అడుగుల దూరము గలదు. భుజబలముకన్న త్వరగా లేచి పాదములు సరిచేసికొను నేర్పు ఇచ్చట ముఖ్యము.

ఎదుగు వయసున మోకాళ్ళపై భారము తగదు. పదిమొదలు పదునైదేండ్ల పిల్లలు మోకాలిచిప్ప క్రింద నొప్పియన్నచో సోమరితనమని కసరక, విశ్రాంతి నిచ్చి వైద్యునికి చూపవలెను. ఒక్కరినే ఎల్లప్పుడు కూర్చుండబెట్టక ఇద్దరు ముగ్గురికి వంతులవారీగా నేర్పుట మేలు.

మన ప్రాంతమునకు దేహశిక్షణము క్రొత్త కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై యుండిరి. 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమందు బరువులెత్తి కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నొందిన ప్రథమ భారతమహిళయైన కరణం మల్లీశ్వరిగారు ఆమదాలవలస ప్రాంతమువారు. బరువులెత్తు విద్యలోను మొదట వట్టికర్రతో భంగిమ నేర్పి, పిదపనే బరువు చేర్తురు. సాఫ్ట్‌బాల్‌కును అదియే న్యాయము.

కావున పెద్దలు మైదానమునకు వెళ్ళినప్పుడు గెలుపోటములకంటె ముందు మూడు సంగతులు విచారింపుడు: ముసుగును కాపులును కలవా? వంతులు మారుచున్నవా? బంతి వచ్చునప్పుడు పిల్లల కన్నులు తెరచియున్నవా? మీరు అడుగుదురని తెలిసినచో నేర్పువారును జాగ్రత్త వహింతురు.