శరద్రాత్రుల ఆకాశము – ఒక వారము
(పాతపట్నమున గ్రామస్థుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఆశ్వయుజ బహుళ అష్టమి మొదలు దీపావళి అమావాస్య వరకు గల వారములో చంద్రుడు నడిరేయి ప్రాంతమున గాని ఉదయింపడు. తుపాను మబ్బు పట్టనిచో తొలిజాములలో నక్షత్రములు కన్నుల పండువుగా కానవచ్చును. దుర్భిణి అక్కరలేదు. వీధిదీపములకు దూరముగా చాప పరచుకొని, కన్నులు చీకటికి అలవాటుపడుటకు ఇరువది నిమిషములు ఓపిక పట్టిన చాలును. పురుగు పుట్ర తిరుగు కాలము గనుక టార్చిలైటు మాత్రము మరువరాదు.

నేను చెప్పు వేళలు అక్టోబరు చివరి వారమునకు సరిపోవును. నక్షత్రములు దినమునకు సుమారు 4 నిమిషములు ముందుగా ఉదయించును. కావున పండుగ పదునైదు దినములు ముందు వచ్చినచో ఒక గంట కలుపుకొనుడు. వెనుక వచ్చినచో ఒక గంట తీసివేయుడు.

రాత్రి 7½ గంటలకు పడమటి దెసను మూడు పెద్ద చుక్కలు త్రికోణముగా నిలుచును. వాయవ్యమున మిక్కిలి ప్రకాశించునది అభిజిత్తు; దక్షిణముగా నున్నది శ్రవణము; ఉత్తరమున, నడినెత్తికి చేరువగా నున్నది హంస. అభిజిత్తు కాంతి మనలను చేరుటకు 25 సంవత్సరములు పట్టును. మీ యింటి పెద్దకుమారుని వయస్సు ఇరువదియైదైనచో, వాడు పుట్టిననాడు బయలుదేరిన వెలుగునే నేడు మీరు చూచుచున్నారన్నమాట. ఆ త్రికోణము నడుమగా పాలపుంత సాగును.

ఉత్తరమున ధ్రువుని వెదకుడు. చేయి చాచి, దిగంతముపై పిడికిలిమీద పిడికిలి నుంచినచో, రెండవ పిడికిలి అంచున ఆ చుక్క నిలుచును. పాతపట్నము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 19 డిగ్రీలలో నుండుటయే దీనికి కారణము. ఏ యూర ధ్రువుడు ఎంత ఎత్తున నుండునో, ఆ యూరి అక్షాంశము అంతయే. త్రోవ తప్పినవానికి ఇంతకంటె నమ్మకమైన గురుతు లేదు.

ఎనిమిది గంటలకు తూర్పున పిల్లలకోడి పొడచూపును. ఇదియే కృత్తిక. దీని వెనుక ఎర్రని రోహిణియు, పదునొకండు గంటలకు మృగశిరయు పైకి వచ్చును. ఒంటిగంటన్నరకు పిల్లలకోడి నడినెత్తికి చేరును. గడియారములు లేని దినములలో కళ్ళమువద్ద కావలి కాచిన మన పెద్దలకు ఇదియే గడియారము. రానున్న పౌర్ణమినాడు చంద్రుడు కృత్తిక చెంతనే యుండును. ఆ మాసమునకు కార్తికమను పేరు అందువలననే వచ్చినది. రెండు గంటలు దాటిన పిదప దక్షిణ దిగంతముపై అగస్త్యుడును, నాలుగున్నర దాటిన పిదప ఈశాన్యమున సప్తర్షులును కాననగును.

అక్టోబరు 21వ తేదీ ప్రాంతమున మృగశిర దిక్కునుండి ఉల్కలు రాలుట కలదు. "చుక్క తెగిపడినది, ఊరికి కీడు" అని భయపడవలదు. ఏ నక్షత్రమును రాలిపడలేదు. 1986లో కనిపించిన హేలీ తోకచుక్క తన మార్గమున విడిచిన ధూళి భూమి వాతావరణమున చొచ్చి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున మండిపోవుచున్నది. ఆ తోకచుక్క మరల 2061లో వచ్చును. నేడు మీ ఒడిలోనున్న బిడ్డలు దానిని చూడగలరు.

ఆకాశ పరిశీలన మనకు క్రొత్త కాదు. విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావుగారు వేధశాలను నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా సాగుట పరిశీలించిరి. పొరుగున ఒడిశాలో ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904) వెదురుతోను కఱ్ఱతోను చేసికొన్న పనిముట్లతోనే గ్రహగతులను కొలిచి "సిద్ధాంత దర్పణము" రచించెను. వెదురు మన యూర కొరత లేదు!

కొరవడుచున్నది వేరొకటి. పిల్లలకోడిని చూచి వేళ చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారెరిగిన చుక్కల పేర్లన్నియు పుస్తకములకెక్కలేదు, వారితోడనే మాసిపోగలవు. కావున ఈ వారము ప్రతి యింట అవ్వనో తాతనో ఆరుబయట కూర్చుండబెట్టి, బడిపిల్లలచే ఆ పేర్లు అడిగించి వ్రాయించుడు. ఉపాధ్యాయులు ఆ కాగితములను బడిలో భద్రపరతురుగాక. ఒక గంటసేపు వాకిటి దీపములార్పిన మనకు నష్టము లేదు. ఆ గంట మరల మరల దొరకదు.