ముందు శుద్ధి, తరువాతే ఇంకుడు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీటి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మా వీధిలో జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. అందులో పెద్ద వాటా నాదే.

ఒక వేసవిలో మా వీధి బోరు ఎండిపోయింది. చందాలు వేసుకుని బోరు పక్కనే ఇంకుడు గుంత తవ్వించాం. వాన నీటితో పాటు వంటిళ్ళ, స్నానాల గదుల నీరు కూడా అందులోకే వదిలితే గుంత ఏడాది పొడుగునా పనిచేస్తుందని సలహా ఇచ్చింది నేనే. నీళ్ళు పెరిగాయి, అందరూ మెచ్చుకున్నారు. కొద్ది నెలలకే బోరు నీటికి వాసన పట్టింది. మురుగు గొట్టాలు మళ్ళించాం గానీ ఆ వాసన పోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఆ నీళ్ళు వాడిన ఇళ్ళలో చంటిపిల్లలున్నారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కారణం మన కాళ్ళ కిందే ఉంది. ఉప్పల్, నాచారం ప్రాంతం గ్రానైట్ రాతి నేల. పైన కొంత మట్టి, మొరం. ఆ కింద పగుళ్ళు బారిన రాయి. మట్టి, మొరం నీటిని కొంత వడపోస్తాయి. రాతి పగుళ్ళు వడపోయవు, గొట్టంలా చేరవేస్తాయి. ఒకసారి అడుగు నీరు పాడైతే దానిని కడిగి బాగుచేయడం మన తరం కాదు.

మరి మురుగును శుద్ధి చేసేదెలా? చెరువులోకి నీరు చేరే మూల తుంగ, జమ్ము పెరిగిన బురద మనకు పనికిరాని చోటులా కనిపిస్తుంది. నిజానికి అక్కడ నీటి నడక మందగించి మడ్డి అడుగున చేరుతుంది. వేళ్ళ చుట్టూ ఉండే సూక్ష్మజీవులు మురుగును తింటాయి. వేళ్ళ దగ్గర ప్రాణవాయువు తగిలి అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. గాలి తగలని బురదలో ఆ నైట్రేటు నత్రజనిగా మారి గాలిలో కలుస్తుంది. దీనికి కరెంటు అక్కరలేదు.

ఇది ఊహ కాదు. 1961లో స్థాపించిన ఎన్.జి.ఆర్.ఐ. మన ఉప్పల్ రోడ్డు మీదనే ఉంది. ఐరోపా సమాఖ్య సాయంతో 2011–14 మధ్య జరిగిన ‘సాఫ్ పానీ’ పథకంలో ఆ సంస్థ శాస్త్రవేత్తలు, అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వారితో కలిసి, మూసీ దిగువన కాచవాని సింగారం వద్ద మురుగు నీరు పారే పొలాలను, తడి నేలలను, వాటి కింది భూగర్భ జలాన్ని పరిశీలించారు. 2018లో నెక్నాంపూర్ చెరువు మీద వట్టివేరు, జమ్ము, మెట్టతామర వంటి మొక్కలతో తేలే తెప్పను ఏర్పాటు చేశారు. దాని పనీ ఇదే.

అయితే దీనికీ హద్దులున్నాయి. ఉప్పు పోదు. సీసం, క్రోమియం వంటి లోహాలు మాయం కావు. బురదలోనూ మొక్కల్లోనూ పేరుకుంటాయి. పారిశ్రామిక వాడ పక్కన ఉన్న నాచారం వాసులు ఇది మరువరాదు. కర్మాగారాల నీటిని పుట్టిన చోటనే వేరుచేయాలి. పెరిగిన జమ్మును కోసి బయట వేయాలి, లేకుంటే అది కుళ్ళి తిన్నదంతా తిరిగి నీటికే ఇస్తుంది. ఇళ్ళ మురుగు మొత్తాన్ని జమ్ము ఒక్కటే మోయలేదు, యంత్ర కేంద్రాలూ కావాలి. నల్లచెరువు వద్ద మొదట కట్టిన కేంద్రం రోజుకు 3 కోట్ల లీటర్లది.

ఇక మన వంతు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది 80 వేల లీటర్లు. ఆవిరికీ, వృథాకూ అయిదో వంతు పోయినా 64 వేల లీటర్లు మిగులుతాయి. 2002 నాటి వాల్టా చట్టం ఈ నీటిని ఇంకించమంటోంది. మొదటి జల్లును బయటికి వదిలి, తరువాతి నీటిని ఇసుక, కంకర మీదుగా గుంతలోకి పంపండి. మురుగు గొట్టం ఆ దరికి రానివ్వకండి.

నాదొక విన్నపం. ఎండాకాలం రాకముందే మీ వీధి ఇంకుడు గుంత మూత ఎత్తి, అందులోకి ఏ గొట్టాలు వస్తున్నాయో స్వయంగా చూడండి. నేను చూడవలసిన నాడు చూడలేదు.