ఫ్రిస్కో పట్టణపు జనసంఖ్య
(వార్షిక మహాసభలో జేసిన యుపన్యాసము)



ఈ సభలో నేదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు కోరగా, మేము అమెరికాలోని యొక పట్టణపు జనసంఖ్యను గైకొంటిమి. శబ్దమంజరి వల్లెవేయించి కాలము గడపిన పంతులున కీ లెక్కలతో నేమి పని యని కొందరికి దోపవచ్చును. ఇచట గూర్చున్న వారిలో ననేకుల బిడ్డలును మనుమలును ఆ పట్టణముననో దాని చెంతనో కాపురమున్నారు. వారున్నచోటు ఎట్లు పెరిగినదో, అందు వారి స్థితి యెట్టిదో విచారించుట మన పనియే.

ఫ్రిస్కో పట్టణము టెక్సాసు రాష్ట్రమున డాలస్ మహానగరమునకు ఉత్తరముగ నున్నది. ఇరువదవ శతాబ్దారంభమున రైలుమార్గము వచ్చుటచే నది పుట్టినది. దాని పేరును ఆ రైలు కంపెనీదే. సెయింట్ లూయిస్ - శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేను జనులు ఫ్రిస్కో యని పిలుచుచుండిరి. 1910లో నచటి జనులు 332. తరువాత డెబ్బది యేండ్లు గడచినను, 1980 నాటికి మూడువేల యైదువందలకు మించలేదు. చుట్టును పొలములు, నడుమ నొక చిన్న యూరు. 1990లో ఆరువేల పైచిలుకు. అటుపిమ్మటి లెక్కలు వినుడు: 2000లో 33,714, 2010లో 1,16,989, 2020లో 2,00,509. పదమూడు లక్షల డాలస్ ప్రక్కన నిది నేటికిని చిన్నదే గాని, 2010 మొదలు 2020 వఱకు నూటికి 71 వంతున పెరిగిన యూళ్లు ఆ దేశమునను అరుదు.

ఇట్టి వృద్ధి జననములచేత గలుగునది కాదు. ఏటేట నూటికి రెండు చొప్పున పెరిగినదనుకొన్నను, ఆరువేలు ముప్పదియేండ్లకు పదునొకండువేలకు దాటవు. తక్కిన వారందఱు వచ్చిచేరినవారును, వారికి బుట్టినవారును. డాలస్ నుండి ఉత్తరమునకు సుంకపు రహదారి పొడిగింపబడినది. దాని వెంట కార్యాలయములు వచ్చినవి. పొరుగుననున్న ప్లేనో పట్టణమునకు టొయోటా కంపెనీ 2017లో తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయమును దరలించుకొన్నది. ఉద్యోగము దాపున, బయలునేల యగ్గువ, మంచి బడులు. ఇక జనమేల రారు?

బడుల మాట వచ్చినది గావున నచ్చట గొంతసేపు నిలిచెదము. అది మా వృత్తి గదా. 2003 వఱకు ఫ్రిస్కో విద్యామండలమున నొక్కటే ఉన్నత పాఠశాల. ఆ యేట రెండవది తెఱవబడినది. 2022 నాటికవి పండ్రెండు. ఒక్క మహాపాఠశాలను గట్టి వేలకొలది పిల్లలను గుమిగూర్చక, రమారమి రెండువేల మందికొకటి చొప్పున గట్టిరి. ఉపాధ్యాయుడు శిష్యుని పేరెఱిగియుండవలెనన్న మా వంటివారికి ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది. విద్యార్థుల సంఖ్య అఱువదివేలు దాటినది. ఆసియా సంతతి పిల్లలే యందు అత్యధిక వర్గమైరి.

ఇంతలో నొక వింత. పట్టణము పెరుగుచుండగనే పిల్లలు తగ్గదొడగిరి. 2024–25 విద్యాసంవత్సరాంతమున స్టేలీ యను మధ్యమ పాఠశాలను మూసివేసిరి. కారణము గహనము కాదు. ఇరువది యేండ్ల క్రిందట చంటిబిడ్డలతో వచ్చినవారు ఇండ్లలోనే యున్నారు. బిడ్డలు చదువు ముగించి వెడలిపోయిరి. ఇండ్ల వెలలు పెరుగుటచే గ్రొత్త దంపతులు ఉత్తరముగ సెలైనా వంటి యూళ్లకు బోవుచున్నారు. 2020లో 16,739 జనులు గల ఆ సెలైనా, 2022 జూలై మొదలు 2023 జూలై వఱకు ఒక్క యేట నూటికి 26కు మించి పెరిగి, ఇరువదివేలకు మించిన యూళ్లలో దేశమంతటికిని మొదటిదైనది. వలసచే బెరిగిన యూరిలో నొక యీడువారే గుంపుగ వత్తురు, గుంపుగనే ముదిసెదరు. మొత్తపు సంఖ్యను మాత్రము చూచువారి కిది కనబడదు. బడిపట్టీ చూచిన పంతులునకు ముందే కనబడును.

ఇక మనవారి సంగతి. 2010లో ఫ్రిస్కోలో ఆసియా సంతతివారు నూటికి పదిమంది. 2020 నాటికి నాలుగవవంతునకు మించిరి. వారిలో భారతీయులే యెక్కువ. అందు తెలుగువారికి బెద్దపాలు గలదు. అమెరికా యంతటను ఇంట దెలుగు మాటాడువారు 2010 మొదలు 2017 లోపల నూటికి 86 వంతున హెచ్చిరి. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమదాలయమునకు బోయినవారికి ఈ లెక్క చెప్పనక్కఱలేదు. ఆ జనగణనపత్రమున కులము నడుగు గడి లేదు, మతము నడుగు గడియు లేదు. అందులకు మనము చింతింప బనిలేదు. నివాసముండు ప్రతివానిని, పౌరుడైనను కాకున్నను, లెక్కింతురు. చూడవచ్చిన చుట్టములను మాత్రము లెక్కింపరు. కావున మనుమని నెత్తుకొనుటకై యాఱుమాసములు పోయి, సాయంకాలములందు అచటి యుద్యానములలో నడచు మన తాతలును అమ్మమ్మలును ఆ రెండులక్షలలో లేరు!

లెక్కలో నున్నవారందఱును స్థిరులు కారు. మేము ముఖ్యముగ జెప్పవచ్చినదిది. హెచ్-1బి యనుమతిపై బోయిన యువకుడు ఇల్లు కొనును, పన్ను గట్టును, జనగణనమున జేరును. శాశ్వత నివాసమునకు దరఖాస్తు పెట్టినపిమ్మట వరుసలో నిలుచును. ఉద్యోగముల మూలమున నేటి కిచ్చు శాశ్వతానుమతులు కుటుంబసహితముగ సుమారు 1,40,000. అందు సాధారణముగ నే యొక్క దేశమునకును నూటికి ఏడుకు మించరాదు. చిన్నదేశమునకును మనకును నొకటే కొలత! అందుచే మనవారు ఏండ్లకేండ్లు వేచియుందురు. అచట బుట్టిన బిడ్డ పౌరుడు. ఇచట బుట్టి చంకనెక్కి పోయిన బిడ్డకు తండ్రి యనుమతియే యాధారము; సాధారణముగ 21వ యేడు నిండగనే ఆ యాధారము తెగును. తక్షణమే విద్యార్థి యనుమతియో మఱొకటియో సంపాదింపవలెను. లేనిచో దేశము విడువవలెను. అక్కడి బడులలోనే అక్షరాభ్యాసము మొదలు పట్టా వఱకు చదివి, తెలుగు చదువనైన నేరని బాలిక యెచటికి రావలెను? తమ్ముడు పౌరుడు, అక్క పరదేశి. ఒక్క యింటనే యిట్లు జరుగుచున్నది.

తల్లిదండ్రులు చాలమంది బిడ్డకు పదునెనిమిదియేండ్లు వచ్చువఱకు దీనిని దలపెట్టరు. అందుచే నొక మనవి. మన సంఘము అచ్చువేయు సభ్యుల పట్టికలో విదేశముననున్న పిల్లల పేరు మాత్రమే గాక, పుట్టినచోటు, పుట్టిన సంవత్సరము, తల్లిదండ్రుల యనుమతి యెట్టిదో కూడ జేర్పవలెను. 2030లోపల నిరువదియొకటి నిండువారెందఱో యపుడు ముందుగ దెలియును. విద్యానిధివారు వారికొఱకు ఇచటి కళాశాలలలో జేయవలసిన యేర్పాటును ముందుగనే యాలోచింపవచ్చును. వలయు కాగితములు వ్రాయించి తెచ్చితిమి. సభానంతరమున ద్వారముకడ నిచ్చెదము. రేపటి సమావేశము లోపల నింపి కార్యదర్శిగారి కందజేయుడు.