ఎద తీగ చెప్పు సంగతి
(మందమర్రి పాడి రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



బర్రెకు రెండు మార్లు సూది వేయించితిమి, మరల పొర్లినదని మీలో పలువురు చెప్పుచుందురు. ఒక ఎద తప్పినచో 21 దినముల మేత దండుగ. ఈత వెనుకబడును, పాలు వెనుకబడును. అప్పుడు వీర్యము మంచిది కాదని తలచుట సహజము. నేను పైరుల శాస్త్రము చెప్పువాడను, పశువైద్యుడను కాను. అయినను పదును లేనిదే మేలి విత్తనమైనను మొలవదని మీకు నేను చెప్పనక్కరలేదు. పశువు గర్భమార్గములో ఊరు ద్రవములే అక్కడి పదును.

ఎద లేని దినములలో గర్భకోశ ముఖద్వారమునందలి జిగురు చిక్కగా బిరడావలె నుండును. వీర్యకణము దానిని దాటలేదు. ఎదలో అదే జిగురు పలుచబడి, కోడిగ్రుడ్డు తెల్లసొనవలె తీగలు సాగును. దున్న దాటినపుడు చురుకైన కణములు ఈ జిగురులో ఎదురీది పోవును. బలహీనమైనవి వెనుక నిలిచిపోవును. ఇది ఒక జల్లెడ. సూది వేయునపుడు వీర్యమును ఈ ద్వారము దాటించి లోపల విడుతురు. కావుననే 0.25 మిల్లీలీటరు గొట్టములోని సుమారు 2 కోట్ల కణములు చాలును. దున్న దాటినపుడు పడునవి వందల కోట్లు. జల్లెడను తప్పించితిమి గనుక శుభ్రత భారము మనపై పడినది. మానమును కడిగి, పొడిగుడ్డతో తుడిచిన పిమ్మటనే పరికరము లోనికి పోవలెను. వీర్యమునకు నీరు తగిలినచో కణములు చచ్చును.

లోపలికి చేరినంతనే కణము అండమును కలియజాలదు. ఈ సంగతిని 1951లో ఆస్ట్రేలియాలో ఆస్టిన్, అమెరికాలో చాంగ్ వేర్వేరుగా కనుగొనిరి. ఆడ పశువు ద్రవములలో కొన్ని గంటలు నానిన మీదటనే దానిపై పూత తొలగి, అండములో చొచ్చుకొనిపోవు శక్తి కలుగును. అండవాహిక మొదట కొన్ని కణములు గోడకు అంటుకొని, అచటి ద్రవముల పోషణలో కాచుకొని యుండును. అండము విడుదలగు వేళకు అవి కదలును. ఆవులో ఎద ముగిసిన 10, 12 గంటలకు అండము విడుదలగును. దాని ఆయువు సుమారు పూటయే. ఉదయము ఎద కనబడినచో సాయంత్రము, సాయంత్రము కనబడినచో మరునాటి ఉదయము సూది వేయించుడని చెప్పుట ఇందువలననే.

బర్రెలో చిక్కు వేరు. దాని తీగ తక్కువ. అది పండుకొన్నప్పుడే నేలపై కనబడును. మన ఎండలలో మూగ ఎద ఎక్కువ, అదియు రాత్రివేళ, తెల్లవారుజామున. గనిలో రాత్రి షిఫ్టు చేసివచ్చు సోదరులు నిద్రకు ముందొకసారి కొట్టము చూచినచో ఎన్నో ఎదలు దక్కును.

తీగ అద్దమువలె తేటగా నున్నదా, సూది వేయించుడు. తెల్లని తునకలు, చీము, దుర్వాసన యున్నచో వేయింపరాదు. గర్భకోశము చెడి యుండును, అట్టి ద్రవములో కణములు బ్రతుకవు. పశువైద్యునికి చూపి, చికిత్స చేయించి, ఆ ఎదను వదలుకొనుడు. ఆ 21 దినములకు వెరచి సూది వేయించువారు మూడు నెలలు పోగొట్టుకొందురు. ఎద ముగిసిన ఒకటి రెండు దినములకు ఆవులలో నెత్తురు చారలు కనబడిన భయములేదు. ఎద దాటిపోయినదని గుర్తు, అప్పుడిక సూది వలదు.

తీగ రంగును, సూది వేసిన తేదీని, గంటను కొట్టము గోడపై బొగ్గుతో వ్రాసి యుంచుడు. 18వ దినము నుండి 24వ దినము వరకు తెల్లవారుజామున పశువు పండుకొన్న చోటును పరికించుడు. మరల తీగ కనబడినచో ఆ వ్రాతను గోపాలమిత్రకో, పశువైద్యునికో చూపుడు.