అందరి తోట

తోట అనగానే మనకు కంచె స్ఫురించును. కంచె అనగానే కావలివాడు స్ఫురించును. మామిడితోట ఒకరిది, నిమ్మతోట ఇంకొకరిది. కాని మన పెద్దలు వనమను మాటను వేరుగా వాడినారు. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వండుకొని తినుటను వనభోజన మన్నారే కాని తోటభోజన మనలేదు. వనము ఒక్కరి సొత్తు కాదను భావము ఆ మాటలో ఇమిడియున్నది. లక్షలాది జనులు క్రిక్కిరిసి బ్రతుకు నగరమునకు అట్టి వనమొకటి చేరువలో ఉండుట ఎంత భాగ్యమో, ఆ భాగ్యమును నిలుపుకొనుటకు మనము చేయవలసిన దేమియో ఈ ప్రసంగమున విచారింతము.

హైదరాబాదు నగరమునకు ఈ భావము క్రొత్తది కాదు. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సు 1846లో ఏర్పడినది. దాని పూర్వనామము బాగె ఆమ్, అనగా అందరి తోట. అచట పురావస్తు ప్రదర్శనశాలను చూడవచ్చినవారును, ఏ పనియు లేక కేవలము నీడకై వచ్చినవారును సమానులే. చెట్ల క్రింద తిరుగుటకు చీటీ కొనవలసిన పని లేదు.

మేము నేడు వర్ణింపదలచినది అక్కడికి వాయవ్యమున, జూబిలీహిల్సు గట్టులపైనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము. ప్రజలు దీనిని కె.బి.ఆర్. పార్కు అందురు. శాస్త్రరీత్యా ఇది బొటానికల్ గార్డెను కాదు. మొక్కలను తెచ్చి వరుసలు తీర్చి నాటిన చోటు కాదు. దక్కను పీఠభూమికి సహజమైన ముళ్ళపొదలు, ఆకురాల్చు చెట్లు గల అడవి యిది. చుట్టును నగరము పెరిగిపోగా మిగిలిన తునక. విస్తీర్ణము సుమారు 142 హెక్టార్లు, అనగా 350 ఎకరములు. ఇందు 600 వరకు మొక్కల జాతులును, 140 వరకు పక్షిజాతులును ఉన్నవని లెక్క.

ఇంత అడవి నగరమధ్యమున ఎట్లు మిగిలెను? ఒకప్పుడీ నేల నిజాము వంశీయుల ఆస్తి. 1967లో ఎనిమిదవ నిజాముగా గుర్తింపబడిన ముకర్రం జా గారి చిరాన్ కోట ఈ ఆవరణలోనే ఉన్నది. చుట్టుపట్ల గుట్టలను పగులగొట్టి ఇండ్లు కట్టుచున్న కాలమున, ఈ కంచెలోపలి రాళ్ళు మాత్రము చెక్కుచెదరలేదు. దాదాపు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు రాళ్ళవి. 1964 మొదలు 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేర 1998లో ఇది జాతీయోద్యానమైనది. ఒక కుటుంబమునకై వేసిన కంచె తుదకు ఒక నగరము కొరకు అడవిని కాచిపెట్టినది.

ఉద్యానమును చూడబోవువారికి రెండు దారులున్నవి. ప్రహరీని అంటి బయట నడకబాట యొకటి చుట్టి వచ్చును. దానికి రుసుము లేదు. లోపలి బాటలకు చీటీ కొనవలెను. మేము రెంటను తరచుగా నడచినాము. తెల్లవారుజామున బయటి బాటపై మోటారు కారు దిగి వచ్చిన గృహస్థును, రాత్రి షూటింగు ముగించుకొని ఇంటికి మరలుచున్న లైట్‌మన్‌ను ఒకే మలుపున చూడవచ్చును. లోపల పది నిమిషములు నడచినచో బండ్ల రొద తగ్గిపోవును. తొలకరి నాళ్ళలోనైతే నెమలికూత ముందుగా వినవచ్చును, నెమలి తరువాత కానవచ్చును.

ఋతువు నెరిగి పోయినవారికి ఫలము ఎక్కువ. శిశిరమున మోదుగు ఆకులు రాల్చి, ఎఱ్ఱని పూలు పూచును. హోళీకి మన పల్లెలలో రంగు తీయునవి ఆ పూలే. వేసవిలో రేలచెట్టు పసుపుగుత్తులు వ్రేలాడవేయును. వానలు వెనుకపట్టు పట్టు వేళకు సీతాఫలము కన్ను విచ్చును. ఒక్క పర్యాయము చూచి వచ్చి, అంతయు ముళ్ళకంపయే అన్న మిత్రులు మాకు కలరు. వారు పోయినది నడివేసవి మిట్టమధ్యాహ్న సమయమున!

అయితే చెట్టును చూచుట వేరు, చెట్టును ఎరుగుట వేరు. ఈ సందర్భమున సామర్లకోట ముచ్చట యొకటి చెప్పదగియున్నది. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి, అచట తోట వేసి, మొక్కలను పరిశీలించెను. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెనునకు అధికారియై తరలిపోయెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రపటములతో వెలువడినది. ఆ చిత్రములను గీచినవారు మన దేశపు చిత్రకారులే. రాక్స్‌బరో తాను చూచిన మొక్కలకు ఇచటి జనులు వాడు తెలుగు పేర్లను అడిగి వ్రాసికొనెను. సోమిద యను చెట్టు బెరడు జ్వరములకు పనిచేయునని పాశ్చాత్య వైద్యులకు తెలిపెను. ఆ తెలుగు పేరే సోయ్‌మిడా యను రూపమున నేటికిని లోకమంతటి వృక్షశాస్త్రమున నిలిచియున్నది. పాలకొడిసె ఆకుల నుండి నీలిరంగు తీయు పద్ధతిని కూడ ఆయన పరీక్షించి చూపెను. ఈ గట్టులపై పాలకొడిసె సామాన్యమైన చెట్టు. దీనినే అనకాపల్లి ప్రాంతమున అంకుడు అందురు. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ కర్రతోనే చేయుదురు. ఒక్క పేరు తెలిసినచో ఒక వైద్యము, ఒక రంగు, ఒక బొమ్మ మన కందుచున్నవి. పేరు మరచిన దినమున అది వట్టి పచ్చని ఆకు.

ఈ ఉద్యానమునకు పొరుగుననే ఫిల్మ్‌నగరు ఉన్నది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసు విడిచి క్రమముగా ఈ గుట్టలకు చేరినది. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైనది. ఆ పరిశ్రమవారి నేర్పు అపారమైనది. ఆర్టు డైరెక్టరు తలచినచో ఒక్క రాత్రిలో పూలతోట లేపగలడు, పాట ముగియగానే విప్పివేయగలడు. కాని ప్రక్కనే ఉన్న మోదుగును రేపటి కాల్షీటుకు పూయుమన్నచో పూయదు. ఒకసారి కొట్టివేసినచో మరల లేపుటకు ఏ సెట్టు పనివానికిని సాధ్యము కాదు.

ఈ మాట ఊరక అనుట లేదు. 2016లో ఉద్యానము చుట్టునున్న కూడళ్ళలో ఫ్లైఓవరులు కట్టుటకు చెట్లు తొలగింపవలసి వచ్చినపుడు, పౌరులు చేయి చేయి కలిపి బాటపై నిలిచినారు. వ్యవహారము హరిత న్యాయస్థానము వరకు పోయినది. అచటి రోడ్లపై బండ్లు గంటల తరబడి నిలిచిపోవుట సత్యమే. ఆసుపత్రికి పోవు రోగి ఆ వరుసలో చిక్కుకొనుటయు సత్యమే. కనుక వంతెన కోరువారిని నిందింపలేము. కాని ఒక విషయము గమనింపవలెను. కొట్టివేతకు మొదట గురియగునది లోపలి అడవి కాదు, రుసుము లేక సామాన్యుడు నడచు బయటి బాటయే. అందరిది అనుకొన్నది ఎవరిదియు కానట్లు కనబడుటయే దీనికి కారణము.

ఉచితమైనది తక్కువదని భావింపరాదు. సింగపూరు బొటానిక్ గార్డెన్సు 1859లో స్థాపితమై, 2015లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. విస్తీర్ణము సుమారు 82 హెక్టార్లు, మన ఉద్యానముకన్న చిన్నది. అందు ప్రవేశము ఉచితము. ఆర్కిడ్ పూల విభాగమునకు మాత్రము చీటీ కొనవలెను. మన యెడను లోపలి అడవికి రుసుముండుటకు కారణమున్నది. అది పక్షులకును జంతువులకును నివాసము, అచట జనసమ్మర్దము కూడదు. అయినను నలుగురు పిల్లలున్న దినకూలికి ఆ చీటీలు చిన్న మొత్తము కాదు. వారమున కొకపూట పరిమితముగా నైనను పాఠశాల పిల్లలకును పేద కుటుంబములకును ఉచితముగా తలుపు తెరచుట ఉచితమని మా భావన. బయటి బాటపై ప్రతి చెట్టునకు తెలుగు పేరు తెలుపు పలక ఉండవలెను. వ్యయము స్వల్పము, ప్రయోజనము అధికము.

శ్రోతలు మాత్రము అంతవరకు వేచియుండ నక్కరలేదు. ఈసారి పోయినపుడు పిల్లలను వెంట తీసికొనిపోవుడు. ఇంటిలో పల్లెనుండి వచ్చిన పెద్దలున్నచో వారిని ముందు నడిపింపుడు. చెట్ల పేర్లు వారి నోట ఉన్నవి. ఒక్కొక్క పర్యాయమునకు ఒక్కొక్క చెట్టు పేరు నేర్చుకొన్నను చాలును, ఏడాదిలో ఇరువది చెట్లు మన చుట్టములగును. పేరు తెలిసిన చుట్టమును ఎవరైన కొట్టవచ్చినచో చూచుచు ఊరకుండువాడు లేడు.